పల్లెగాలిలో పొగ



ధనుర్మాసంలో తెల్లవారుజామున ఐరాల వైపో, తవణంపల్లె వైపో, కాణిపాకం చుట్టుపట్లనో గెనిమ మీద నిలబడి చూడండి. చెరకు తోటల మీద, మామిడి తోపుల మీద బూడిదరంగు దుప్పటి ఒకటి పరచినట్లుంటుంది. మంచు పడిందంటాము. అందులో మంచు కొంతే. తక్కినది పొగ. రాత్రి గానుగ పొయ్యిల్లోంచి వచ్చింది కొంత, కొట్టిన తోటలో చెత్తకు పెట్టిన నిప్పు నుంచి వచ్చింది కొంత, ఇటుకల బట్టీల నుంచి, ఇండ్లలో కట్టెల పొయ్యిల నుంచి వచ్చింది కొంత. ప్రొద్దు బారెడెక్కి ఎండ తగిలేదాకా అది కదలదు. ఆ గాలినే మనమూ పీలుస్తాము, పశువులూ పీలుస్తాయి, పైరు కూడా ఒకరకంగా పీలుస్తుంది.

గాలి చెడిపోవడమనే మాట వినగానే, "అది ఢిల్లీ వాళ్ళకూ చెన్నై వాళ్ళకూ చెప్పాల్సిన సంగతి గదా, సేద్యగాళ్ళం మాకెందుకు?" అనిపించడం సహజమే. అయితే ఒక్క సంగతి వినండి. 2019 జనవరిలో కేంద్ర ప్రభుత్వం జాతీయ స్వచ్ఛవాయు కార్యక్రమమని ఒకటి ప్రారంభించింది. గాలి ఉండవలసినంత శుభ్రంగా లేని పట్టణాలకు జాబితా వేస్తే ఆంధ్రప్రదేశ్ నుంచి 13 పట్టణాలు అందులో చేరాయి. విశాఖపట్నం, విజయవాడ ఉన్నాయంటే ఎవరికీ ఆశ్చర్యం లేదు. ఆ 13లో మన చిత్తూరు కూడా ఉంది. ఆకాశాన్నంటే పొగగొట్టాలు బారులు తీరిన ఊరు కాదు గదా చిత్తూరు! రోడ్డు దుమ్ము, లారీల పొగ, రాయి కోసేచోట లేచే పొడి, చెత్తకుప్పలకు పెట్టే నిప్పు, ఇట్లాంటివే చిన్నచిన్నవి కలిసి ఒక ఊరి గాలిని చెరచగలవు. పట్నం సంగతి ఈరోజుకు పట్నం వాళ్ళకు వదిలేద్దాము. మన చేతి మీదుగా, మన పొలంలో, మన గానుగ కాడ లేచే పొగను గురించే నేను మాట్లాడదలచాను.

అసలు పొగ అంటే ఏమిటి? కట్టె గాని పిప్పి గాని పూర్తిగా కాలితే వచ్చేది వేడి, బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి. మిగిలేది గుప్పెడు బూడిద. గాలి చాలకపోయినా, వేసిన వంటచెరకు తడిగా ఉన్నా, అది సగమే కాలుతుంది. ఆ సగం కాలినదే పొగ. నల్లగా కనిపించేది కాలకుండా పోయిన బొగ్గుపొడి. కళ్ళు మండించి ముక్కు కార్పించేవి కాలకుండా పోయిన తైలాలు. కంటికి కనిపించనిది, వాసన లేనిది ఒకటుంది. దాని పేరు కార్బన్ మోనాక్సైడు. రక్తంలో ప్రాణవాయువును మోసుకుపోయే పదార్థాన్ని అది ప్రాణవాయువు కన్నా 200 రెట్లకు మించిన పట్టుతో పట్టుకుంటుంది. ఇక ప్రాణవాయువుకు చోటెక్కడ? పొయ్యి కాడ గంటల తరబడి కూర్చున్న మనిషికి తలనొప్పి, కళ్ళు తిరగడం వస్తే ఎండదెబ్బ అనుకుంటాము గాని, చాలాసార్లు కారణం ఇదే.

నిప్పు లేనిదే పొగ రాదని సామెత ఉంది. పొగ అంతగా లేని నిప్పు కూడా ఉంటుందని గానుగ కాడ చెబితే నమ్మేవాళ్ళు తక్కువ. పూతలపట్టు దగ్గర ఒక గానుగ కాడ నేనీ మాటే చెబుతుంటే ఒక పెద్దాయన నవ్వి, "పొగ లేకుండా పొయ్యి యాడన్నా మండతాదా సార్? మా తాతల కాలం నుంచీ ఇట్లనే ఉండాది" అన్నాడు. "పెద్దాయనా, ఆ పైకి పోతా ఉండేది మీ పిప్పే" అన్నాను. ఆయన కాసేపు పొగ వంక చూసి, "అట్లంటే సాయంత్రానికి కట్టె కొనాల్సి వచ్చేది ఇందుకేనా?" అని అడిగాడు. ఇందుకే.

లెక్క వేసి చూద్దాము. చిత్తూరు, గాజులమండ్యం సహకార చక్కెర ఫ్యాక్టరీలు మూతబడిన తరువాత ఈ ప్రాంతపు చెరకు రైతులో చాలామందికి గానుగే దిక్కయింది. టన్ను చెరకు ఆడితే 350 నుంచి 400 కిలోల తడిపిప్పి వస్తుంది, 100 కిలోల దాకా బెల్లం దిగుతుంది. రసంలో నూటికి 75, 80 పాళ్ళు నీరే. ఆ నీరంతా ఆవిరైపోతేగాని పాకం రాదు. అందుకు కావలసిన వేడి ఆ పిప్పిలోనే ఉంది. మరి చాలదెందుకని? అప్పుడే ఆడిన పిప్పిలో సగం బరువు నీరు. దాన్ని అట్లాగే పొయ్యిలో వేస్తే, ముందు పిప్పిలోని నీళ్ళను కాచి, ఆ తరువాతనే రసాన్ని కాచాలి. పొయ్యి చల్లబడుతుంది, పొగ చిమ్ముతుంది. పైగా పాతకాలపు ఒక పెనం పొయ్యిలో పుట్టిన వేడిలో నాలుగోవంతు కూడా రసానికి అందదు. తక్కినదంతా గొట్టంలోంచి, గోడల్లోంచి, పొయ్యి నోట్లోంచి పోతుంది.

చేయవలసినది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. పిప్పిని పలుచగా పరిచి, తిరగేస్తూ, చేత్తో విరిస్తే ఫెళ్ళున విరిగేదాకా ఎండనివ్వాలి. ఈరోజు ఆడిన పిప్పి ఈరోజు పొయ్యికి కాదు. రెండు మూడు రోజుల కిందట ఆరబెట్టినది ఈరోజుకు. సీజను మొదట్లో నాలుగు రోజులకు సరిపడే ఎండుపిప్పిని నిల్వ చేసుకొంటే ఈ వరుస దానంతటదే నడుస్తుంది. వానకు తడవకుండా పైన కొట్టమో, పట్టానో ఉండాలి. ఇక పొయ్యి అడుగున ఇనుప కమ్మీలు ఎడం ఎడంగా వేసి, వాటి కింద బూడిద గుంట తీసి, ఆ గుంటలోంచి గాలి వచ్చేటట్లు చేయాలి. బూడిద నిండిపోతే గాలి దారి మూసుకుపోతుంది. గంట గంటకూ తీయించాలి. మంట వేసే మనిషి ఒకేసారి మోపుడు పిప్పి తోసి పక్కకు పోవడం వాడుక. మోపు పడగానే మంట ఉక్కిరిబిక్కిరవుతుంది, నల్లపొగ గుప్పున లేస్తుంది. కొద్దికొద్దిగా, తరచుగా వేయాలి. గొట్టం నిటారుగా, పెనం కొట్టం కప్పుకు బాగా పైకి పోయేటట్లు కట్టించాలి. కొత్తగా గానుగ పెట్టేవారు రెండు పెనాల పొయ్యి కట్టించుకుంటే, మొదటి పెనం దాటి వృథాగా పోయే వేడి రెండవ పెనంలోని రసాన్ని కాగబెడుతుంది. తిరుపతి దగ్గర పెరుమాళ్ళపల్లెలో చెరకు మీద పనిచేసే వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. పొయ్యి కట్టించే ముందు ఒకసారి అక్కడికి పోయి అడిగితే నష్టం లేదు.

పిప్పి చాలలేదని కొన్ని చోట్ల పాత టైర్లు, చెప్పులు, ప్లాస్టిక్ సంచులు పొయ్యిలో వేస్తారు. మంట బాగా లేస్తుంది, నిజమే. టైరులో రబ్బరుతో పాటు గంధకముంది, జింకు ఉంది, నూనెలున్నాయి. అది కాలితే వచ్చే పొగలో పుట్టకురుపు పుట్టించే పదార్థాలుంటాయి. ఆ మసి ఎక్కడికి పోతుంది? మూతలేని పెనం పక్కనే ఉంది గదా. మనం సంక్రాంతికి పొంగలిలో వేసుకొనే బెల్లమది. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను "వీలైతే మానండి" అనను, మానవలసిందే. భోగిమంటలో టైరు వేసే పిల్లలకు కూడా ఈ మాటే చెప్పండి. బెల్లానికి రంగు తేవడానికి హైడ్రోసు చల్లడం గురించి కూడా చెప్పాలని ఉంది గాని, దానికి వేరే ప్రసంగం కావాలి.

ఇక పొగ తెల్లవారుజామున నేలనంటి ఎందుకుంటుందో చెబుతాను. పగలు ఎండకు నేల కాగుతుంది. దానిమీది గాలి వేడెక్కి, తేలికై, పైకి లేస్తుంది. పొగను కూడా తీసుకుపోతుంది. శీతకాలపు రాత్రి నేల త్వరగా చల్లారుతుంది. నేలనంటిన గాలి చల్లబడి, బరువై, కిందనే ఉండిపోతుంది. దానిపైన కాస్త వెచ్చని గాలి మూతలాగ కూర్చుంటుంది. చుట్టూ కొండలున్న మన పల్లపు ఊళ్ళలో ఆ మూత ఇంకా గట్టిగా పడుతుంది. తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో గాదంకి దగ్గర జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాల ఉంది. 1992లో రాడారు కేంద్రంగా మొదలై 2005లో ఈ పేరు పొందింది. ఈ గాలి పొరలనూ, గాలిలో తేలే ధూళికణాలనూ అక్కడి శాస్త్రజ్ఞులు పరిశీలిస్తుంటారు. మన ఊరి మీది గాలిని కొలిచే వాళ్ళు మన పక్కనే ఉన్నారన్నమాట.

ఈ మూత గట్టిగా పడి అయిదు రోజులు లేవకపోతే ఏమవుతుందో 1952లో లండన్ నగరం చూసింది. డిసెంబరు 5 నుంచి 9 దాకా గాలి కదలలేదు. ఇండ్లలో, ఫ్యాక్టరీలలో కాల్చిన బొగ్గు పొగ మంచుతో కలిసి వీధుల్లో నిలిచిపోయింది. వేలమంది చనిపోయారు. అప్పుడే అక్కడ పెద్ద పశువుల ప్రదర్శన జరుగుతోంది. బహుమతుల కోసం తెచ్చిన మేలుజాతి పశువులు ఊపిరాడక రొప్పాయి. కొన్ని చచ్చాయి, కొన్నిటిని కోయవలసి వచ్చింది. నాలుగేళ్ళకు, 1956లో, అక్కడి ప్రభుత్వం గాలిశుద్ధికి చట్టం చేసింది. మన ఊళ్ళలో అంత పొగ లేదు, ఉండదు కూడా. అయినా కారణం ఒకటే గనుక మనం నేర్చుకోవలసినది ఉంది. పొయ్యి వెలిగించేటప్పుడే పొగ ఎక్కువ. ఆ వెలిగించడం కోడికూత వేళ కాకుండా ఎండెక్కిన తరువాత అయితే పొగ లేచిపోతుంది. ఆడిన రసం నిల్వ ఉంటే పులుస్తుంది గనుక, ఆడడం కూడా దానికి తగినట్లు వెనక్కి జరుపుకోవాలి.

చెరకు చెత్త సంగతికి వస్తాను. తోట కొట్టిన తరువాత ఎకరాకు 3, 4 టన్నుల ఎండుటాకు మిగులుతుంది. అగ్గిపుల్ల గీస్తే అరగంటలో కయ్య శుభ్రం. కూలీలు దొరకని రోజుల్లో రైతు ఎందుకు కాలుస్తాడో నాకు తెలియకపోలేదు. అయితే ఆ అరగంటలో పోయేదేమిటో తెలిసి కాల్చండి. టన్ను చెత్తలో సుమారు 4 కిలోల నత్రజని ఉంటుంది. 3 టన్నులకు 12 కిలోలు. అంటే 26 కిలోల యూరియా, బస్తాలో సగానికి మించి. అది దాదాపు అంతా పొగలో పోతుంది. పొటాషు బూడిదలో మిగులుతుంది గాని ఆ బూడిద గాలికి పోయేది పోగా ఉండేది. వీటన్నింటికన్నా పెద్ద నష్టం సేంద్రియ పదార్థం. మన రాయలసీమ ఎర్రనేలల్లో ఉండేదే కొంచెం. ఆ కొంచెమే నీటిని పట్టి ఉంచేది.

"కాలిస్తే పురుగు చస్తుంది గదా" అంటారు. పైపైని చస్తుంది. దుబ్బుల్లో, నేలలో దాగినది బ్రతికే ఉంటుంది. దాన్ని తినే మేలుచేసే పురుగులు మాత్రం కాలిపోతాయి. ఎర్రకుళ్ళు తెగులు సోకిన తోట అయితే ఆ దుబ్బులు పెరికి కాల్చమని మేమే చెబుతాము, అది వేరు. తెగులు లేని తోటలో చెత్తను కార్శి సాళ్ళ మధ్య పరచండి. కొత్తగా నాటిన తోటలో నాటిన మూడవ రోజున ఎకరాకు ఒక టన్నుకు కాస్త పైగా చెత్త కప్పితే పీకపురుగు తగ్గుతుంది, తేమ నిలుస్తుంది, కలుపు అణుగుతుంది. ఒక జాగ్రత్త ఉంది. చెత్త కుళ్ళేటప్పుడు అందులోని సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని తమకు తీసుకుంటాయి. పైరు పాలిపోయినట్లు కనిపించి, చెత్త వల్లనే చెడిందని మరుసటేడు మళ్ళీ అగ్గిపెట్టె తీసే రైతులున్నారు. చెత్త మీద కాస్త యూరియా చల్లి తడి ఇస్తే ఆ ఇబ్బంది ఉండదు. చెదలున్న నేలల్లో ముందుగా సహాయకుణ్ణి అడగండి.

మామిడి రైతులకు ఒక హెచ్చరిక. ఉత్తర హిందూస్థానంలో ఇటుకల బట్టీల దగ్గరి మామిడి తోటల్లో కాయ కొన నల్లబడే జబ్బు చాలాకాలంగా ఉంది. అది శిలీంధ్రం వల్ల వచ్చింది కాదు. బట్టీ పొగలోని గంధకపు వాయువు, ఎథిలీను, కార్బన్ మోనాక్సైడు పిందె మీద పనిచేయడం వల్ల వస్తుంది. ముందు కాయ కొస పసుపు తిరుగుతుంది, తరువాత గోధుమరంగు, ఆ తరువాత నలుపు; కొన అణిగిపోతుంది, కాయ ముందుగానే పండుబారి రాలుతుంది. అక్కడ దసేరీకి ఎక్కువగా వస్తుంది. మన తోతాపురి, నీలం, బేనీషాన్ తోటల పక్కన బట్టీ ఉంటే పిందె దశలో కాయ కొసలు చూస్తూ ఉండండి. కనిపిస్తే పిందె కట్టినప్పటి నుంచి లీటరు నీటికి 6 గ్రాముల బోరాక్సు కలిపి, 10 నుంచి 15 రోజుల ఎడంతో రెండు మూడుసార్లు చల్లాలి. ఎన్ని మందులు కొట్టినా తగ్గలేదని దుకాణం చుట్టూ తిరిగే ముందు తోటకు గాలి ఎటునుంచి వస్తోందో చూడండి.

మందు కన్నా దూరం మేలు. 2022 ఫిబ్రవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చిన నిబంధనల ప్రకారం ఇటుకల బట్టీని ఊళ్ళకూ, పండ్లతోటలకూ కనీసం 0.8 కిలోమీటరు దూరంలోనే పెట్టాలి. ఊళ్ళో కొత్త బట్టీ మాట వచ్చినప్పుడు వ్యవసాయ సహాయకులు ఈ సంగతి పంచాయతీకి తెలపాలి. తన కయ్యలో మట్టిని బట్టీకి అమ్మినవాడికి ఆ సంవత్సరం డబ్బు వస్తుంది, పక్క తోటవాడికి పదేళ్ళ చెట్టు కాపు పోతుంది. ఇద్దరూ ఒకే ఊరివాళ్ళు, ఒక్కోసారి అన్నదమ్ములే. తగవు వచ్చిన తరువాత తీర్చడం కష్టం.

పలమనేరు, కుప్పం వైపు పట్టుపురుగులు పెంచే వారికి పొగ పడదని వేరే చెప్పనక్కరలేదు. పురుగుల ఇంట్లో బీడీ కూడా కాల్చనివ్వరు. అయితే రోడ్డు పక్కన దుమ్ము పట్టిన మల్బరీ ఆకునూ, బట్టీ గాలి తగిలిన ఆకునూ అంతే జాగ్రత్తగా చూడాలి. చైనాలో ఝెజియాంగ్ రాష్ట్రంలో 1980ల మొదట్లో బట్టీ పొగలోని ఫ్లోరైడు మల్బరీ ఆకు మీద చేరి, ఆ ఆకు తిన్న పురుగులు పెద్ద ఎత్తున దెబ్బతిన్నాయి. ఆకును చూస్తే తేడా తెలియదు, పురుగు చెబుతుంది.

చివరగా మనుషుల మాట. పొగలోని సన్నని నలుసులు తల వెంట్రుక మందంలో 30వ వంతు కూడా ఉండవు. ముక్కులోని వెంట్రుకలు, గొంతులోని జిగురు వాటిని ఆపలేవు. ఊపిరితిత్తుల అడుగుకు పోయి, అక్కడ నుంచి రక్తంలోకి పోతాయి. దగ్గు, ఆయాసంతో ఆగక గుండెపోటు, పక్షవాతం దాకా తెస్తాయి. కట్టెల పొయ్యి ముందు పసిబిడ్డను ఒళ్ళో పెట్టుకొని వంట చేసే తల్లికి కంటిలో శుక్లాలు, ఆ బిడ్డకు న్యుమోనియా రావడానికి ఈ పొగ ఒక కారణం. గ్యాసు ఇవ్వడానికి 1999లో దీపం, 2016లో ఉజ్జ్వల, 2024లో ఏటా మూడు సిలిండర్లు ఉచితంగా ఇచ్చే దీపం-2 పథకాలు వచ్చాయి. అయినా స్నానాల నీళ్ళకు, పశువుల దాణాకు కట్టెల పొయ్యి పోలేదు. కనీసం దాన్ని ఇంట్లోంచి బయటి పంచలోకి మార్చండి. తిరుమల కొండకు పొగలేని కరెంటు బస్సులు 2022లో వచ్చాయి. మన ఇంట్లో నీళ్ళ పొయ్యి మాత్రం ఇంకా అవ్వ కాలం నాటిదే.

గానుగ కాడ మంట వేసే మనిషిని గురించి ఎవరూ అడగరు. బెల్లం రంగు బాగుందా లేదా అని అడుగుతారు. ఆ మనిషి సీజను పొడుగునా రోజుకు 10, 12 గంటలు పొయ్యి నోటికెదురుగా కూర్చుంటాడు. తడిగుడ్డ ముఖానికి కట్టుకుంటే మసి కొంత ఆగుతుంది గాని, నేను చెప్పిన సన్నని నలుసులు గాని, ఆ కంటికి కనబడని వాయువు గాని ఆగవు. పొయ్యి నోరు గాలి వచ్చే దిక్కుకు పెట్టి కట్టించండి, అతని వీపుకు గాలి తగులుతుంది, పొగ అవతలికి పోతుంది. రెండు గంటలకొకసారి మనిషిని మార్చండి. రెండు వారాలు దాటి దగ్గు ఉంటే పొగ దగ్గే అని ఊరుకోక, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కళ్ళె పరీక్ష చేయించండి. క్షయ కావచ్చు, పొగలో పనిచేసే వారికి అది త్వరగా అంటుకుంటుంది. పరీక్ష ఉచితం, మందులు ఉచితం.

పూతలపట్టు పెద్దాయనకు చెప్పిన మాటే మీకూ చెబుతాను. ఈ సీజనులో ఒక పెనం తడిపిప్పితో వండండి, ఒక పెనం మూడు రోజులెండిన పిప్పితో వండండి. దేనికెన్ని గంటలు పట్టిందో, దేనికి బయటి నుంచి కట్టె తేవలసి వచ్చిందో, గొట్టం మీద పొగ ఏ రంగులో ఉందో ఒక కాగితం మీద రాసి గానుగ గోడకు అంటించి ఉంచండి. మీ ఊరికి వచ్చినప్పుడు ఆ కాగితం మీ సహాయకునికి చూపండి. ఇక సెలవు.